మీరు తిరిగొచ్చాక ఆ బిడ్డను ఎత్తుకునేదెవరు?

ఏటా మార్చి నెల వచ్చేసరికి అమెరికాలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ చదివే విద్యార్థులు కొందరు పెట్టెలు సర్దుకుంటారు. వారం పది రోజుల సెలవుల్లో, చర్చి తరఫునో కాలేజీ తరఫునో, పేద దేశాల్లో వైకల్యంతో ఉన్న పిల్లల దగ్గరికి మిషన్ ట్రిప్ వెళతారు. ఆ బృందాల్లో తెలుగు ఇళ్ళ పిల్లలూ ఉంటున్నారు. అక్కడే పుట్టి అక్కడి తెలుగు చర్చిలో పెరిగినవాళ్ళు కొందరు, ఇక్కడ బి.పి.టి. ముగించి పైచదువుకు వెళ్ళినవాళ్ళు కొందరు. వాళ్ళ ఉత్సాహమంటే నాకు గౌరవం. ఇరవై రెండేళ్ళ వయసులో స్నేహితులతో సముద్రం ఒడ్డున గడపగలిగిన సెలవుని ముక్కూ మొహం తెలియని బిడ్డ కోసం ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ ఉత్సాహం వృథా కాకుండా, ఆ బిడ్డకు హాని కాకుండా, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఈ అధ్యాయం.

ఏ దేశం వెళ్ళినా పని ఒకటే కనుక ఒక్క చోటుని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. గ్వాటెమాలాలో ఆంటిగ్వా అని ఒక పాత పట్టణం ఉంది. చుట్టూ అగ్నిపర్వతాలు, ఊళ్ళో రాళ్ళు పరిచిన వీధులు. అక్కడ ఎర్మానో పెడ్రో పేరు మీద ఫ్రాన్సిస్కన్లు నడిపే సేవాసంస్థలో వైకల్యం ఉన్న పిల్లలూ పెద్దలూ ఆశ్రయం పొందుతున్నారు. విదేశీ వైద్య బృందాలు, థెరపీ విద్యార్థులు అక్కడికి వస్తూ పోతూ ఉంటారు. ఆ ఎర్మానో పెడ్రో, అంటే పెడ్రో దె బెతాంకుర్, 1626లో కానరీ దీవుల్లో పుట్టి, ఆంటిగ్వా చేరి, 1667లో నలభై ఒకటో ఏట చనిపోయాడు. ఆయన పెట్టిన ఆసుపత్రి ప్రత్యేకించి కోలుకుంటున్న పేదల కోసం. జబ్బు తగ్గిందని పెద్దాసుపత్రి పంపించేస్తుంది. ఒంట్లో ఇంకా ఓపిక ఉండదు, పోదామంటే ఇల్లుండదు. అలాంటివాళ్ళను ఆయన చేరదీశాడు. 2002లో రెండో జాన్ పాల్ పోపు గ్వాటెమాలా వెళ్ళి ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. అందరూ చికిత్స గురించి ఆలోచించే కాలంలో, చికిత్స తర్వాతి రోజుల గురించి ఆలోచించినవాడు ఆయన. థెరపిస్టుల వృత్తి మొత్తం ఆ తర్వాతి రోజుల చుట్టూనే తిరుగుతుంది.

ఇలాంటి చోట్ల మీకు ఎక్కువగా ఎదురయ్యేది సెరిబ్రల్ పాల్సీ. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తల్లోనో ఎదిగే మెదడుకు దెబ్బ తగలడం వల్ల వస్తుంది. మెదడుకు తగిలిన ఆ దెబ్బ తర్వాత పెరగదు. కానీ దానివల్ల బిగుసుకున్న కండరాలు ఏళ్ళ తరబడి ఎముకల్ని లాగుతూనే ఉంటాయి. మోకాళ్ళు చాపలేకుండా అవుతాయి. వెన్ను వంకరపోతుంది. తుంటి కీలు దాని గూట్లోంచి మెల్లగా జారుతుంది. ఈ పిల్లల కదలికను అయిదు స్థాయిలుగా చూసే పద్ధతి 1997 నుంచి వాడుకలో ఉంది. మొదటి స్థాయి పిల్లలు నడుస్తారు, పరిగెడతారు. అయిదో స్థాయి పిల్లలకు తల నిలపడమే కష్టం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరిగిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. మొదటి స్థాయి పిల్లల్లో తుంటి జారడం అసలు కనిపించలేదు. అయిదో స్థాయి పిల్లల్లో నూటికి 90 మందిలో కనిపించింది.

ఏళ్ళ మీద వచ్చే ఈ మార్పులు వారంలో పోవు. పొద్దున ఇరవై నిమిషాలు మీరు బిడ్డ కాళ్ళు సాగదీస్తారు. రోజులో మిగిలిన ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు ఆ బిడ్డ ఎలా పడుకుంటుంది, ఎలా కూర్చుంటుంది, ఎవరు తినిపిస్తారు, ఎలా ఎత్తుకుంటారు అన్నదే ఆమె ఒంటిని మలుస్తుంది. ఆ గంటలన్నీ మీవి కావు. తల్లివి, అమ్మమ్మవి, ఆశ్రమంలో అయితే ఆయావి. కాబట్టి ఆ వారంలో మీ అసలు విద్యార్థి, మీ అసలు పేషెంటు, మీ అసలు గురువు కూడా ఆవిడే. ఆవిడ పని కొంచెం తేలికైతే బిడ్డకు మేలు జరిగినట్టు. ఆవిడ పని పెరిగితే, మీరెంత గొప్ప వ్యాయామం నేర్పినా, మీ బస్సు మలుపు తిరిగేలోపే అది ఆగిపోతుంది.

మంచి సమరయుని కథ ఆదివారం బడిలో వినని క్రైస్తవ బిడ్డ ఉండదు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టిన దగ్గర చాలా ప్రసంగాలు ఆగిపోతాయి. లూకా సువార్తలో కథ ఇంకా నడుస్తుంది. ఆ రాత్రి సమరయుడు గాయపడినవాడిని తానే చూసుకున్నాడు. మర్నాడు పూటకూళ్ళవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి అప్పగించాడు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానన్నాడు. అతను ప్రయాణంలో ఉన్నవాడు, అక్కడ ఉండిపోవడం కుదరదు. అందుకని ఉండేవాడిని వెతికి పట్టుకున్నాడు, ఉండేవాడి ఖర్చు భరించాడు, మళ్ళీ వచ్చి లెక్క చూస్తానని మాటిచ్చాడు. వారం రోజుల మిషన్ ట్రిప్‌కి ఇంతకన్నా మంచి నమూనా నాకు తెలియదు.

ఉండిపోయే సేవ కూడా ఉంది. అది తెలుగువాళ్ళకు బాగా తెలుసు. అన్నా సారా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. అంటే 47 ఏళ్ళు. మన భాష నేర్చుకుని, మన ఎండల్లో ఉండి, తన తర్వాత నడిపే మనుషుల్ని తయారుచేసిన సేవ అది. ఏడు రోజులకు వెళ్ళేవాళ్ళు 47 ఏళ్ళ సేవ చేసినట్టు ఊహించుకుంటేనే చిక్కంతా వస్తుంది. మీ దగ్గర ఉన్న కాలానికి తగిన పని వేరే ఉంది.

బయల్దేరక ముందు

యెరికో దారిలో గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేసినప్పుడు, అతనికి ఏం కావాలో యేసుకు తెలియక కాదు. అయినా నేను నీకేం చేయాలని కోరుకుంటున్నావని ముందు అడిగాడు. మీరూ అడగండి. టికెట్లు కొన్నాక కాదు, కొనకముందే. అక్కడ పనిచేసే థెరపిస్టుకో సిస్టర్‌కో ఉత్తరం రాయండి. మీ పిల్లల దగ్గర రోజూ ఉండేది ఎవరు? ఒక్కొక్కరు ఎంతమందిని చూసుకుంటారు? పోయినసారి వచ్చిన బృందం నేర్పిన వాటిలో ఇప్పటికీ చేస్తున్నది ఏమిటి, మానేసింది ఏమిటి? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మీ పాఠ్యపుస్తకంలో దొరకదు. ఒక్కోసారి జవాబు వేరేలా రావచ్చు. ఈ ఏడు మనుషులు వద్దు, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు జీతానికి సాయం చేయండి అని. అలా వస్తే మనసు కష్టపెట్టుకోకుండా ఆ పనే చేయండి. అదీ సేవే.

1968 ఏప్రిల్ 20న మెక్సికోలోని క్యుయెర్నవాకాలో ఇవాన్ ఇలిచ్ అనే కథోలిక గురువు, సేవ చేయడానికి వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముందు నిలబడి చాలా కఠినంగా మాట్లాడాడు. భాష రాకుండా, అక్కడివాళ్ళు మీ గురించి ఏమనుకుంటున్నారో కూడా వినలేకుండా సేవ చేస్తామని రావద్దన్నాడు. చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, కొండలెక్కండి అన్నాడు. సేవ పేరు పెట్టుకుని మాత్రం వద్దన్నాడు. ఆ ప్రసంగం ప్రతి బృందమూ బయల్దేరే ముందు చదివి చర్చించుకోవాలని నా కోరిక. ఆయన ముగింపుతో నేను పూర్తిగా ఏకీభవించను. బిడ్డ ఎందుకు పొలమారుతోందో గుర్తుపట్టగల కన్ను వట్టి సదుద్దేశం కన్నా ఎక్కువే. కానీ భాష గురించి ఆయన అన్నది నేటికీ నిజం. గ్వాటెమాలాలో అధికార భాష స్పానిష్. దాంతోపాటు 22 మాయా భాషలు బతికున్నాయి. ఆంటిగ్వా చుట్టుపక్కల పల్లెల్లో కక్చికెల్ మాట్లాడేవాళ్ళున్నారు. అమ్మమ్మకు స్పానిష్ అంతంతమాత్రం కావచ్చు. మీ ఇంగ్లీషు స్పానిష్‌లోకి, అక్కడినుంచి కక్చికెల్‌లోకి వెళ్ళేసరికి మీ పొడుగాటి వివరణలో సగం రాలిపోతుంది. చిన్న వాక్యాలు మాట్లాడండి. దుబాసీ మొహం కాదు, తల్లి మొహం చూసి మాట్లాడండి. చేసి చూపించి, తర్వాత "ఇప్పుడు మీరు చేసి చూపించండమ్మా" అని అడిగి, చేతులు కట్టుకుని చూడండి. ఆవిడ ఎక్కడ తడబడితే అక్కడ మీ బోధన తడబడిందని లెక్క.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. మీరు విద్యార్థులు. మీ కాలేజీ క్లినిక్‌లో లైసెన్సున్న థెరపిస్టు పక్కన లేకుండా ఏ పని చేయరో, ఆ పని అక్కడా చేయకూడదు. అక్కడ అడిగేవాళ్ళు లేరన్నది అనుమతి కాదు. బిగుసుకున్న పాదానికి ప్లాస్టర్ కట్టు వేసి వచ్చేస్తే, మూడో రోజు ఆ కట్టు కింద చర్మం పుండుపడితే విప్పేదెవరు? విప్పే మనిషి పేరు మీ కాగితం మీద లేకపోతే ఆ కట్టు వేయకండి.

చదవాల్సిన పుస్తకం ఒకటి చెబుతాను. డేవిడ్ వెర్నర్ 1987లో తెచ్చిన ‘డిజేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’. మెక్సికోలోని అహోయా అనే కొండపల్లెలో 1981లో మొదలైన ప్రోహిమో కేంద్రం అనుభవం నుంచి పుట్టింది. ఆ కేంద్రాన్ని నడిపింది వైకల్యం ఉన్న పల్లెవాళ్ళే. కర్ర, అట్ట, పాత టైరు, చుట్టిన గుడ్డ, ఇలా ఊళ్ళో దొరికేవాటితో ఏమేం చేయవచ్చో బొమ్మలేసి చూపిస్తుంది. అది చదివితే మీ పెట్టె బరువు సగం తగ్గుతుంది. అమెరికా నుంచి మోసుకెళ్ళిన వస్తువు చెడితే మూల పడుతుంది. అక్కడి వడ్రంగి చేసిన కుర్చీ విరిగితే అక్కడి వడ్రంగే బాగుచేస్తాడు.

మొదటి రోజు చేతులు కాదు, కళ్ళు

మొదటి రోజు ఏ బిడ్డకూ వ్యాయామం చేయించకండి. కూర్చుని చూడండి. ముఖ్యంగా మధ్యాహ్న భోజనం వేళ అక్కడ ఉండండి. నా దృష్టిలో ఆ గంటకన్నా ఎక్కువ నేర్పే గంట ట్రిప్ మొత్తంలో ఉండదు.

ఒక ఆయా చేతిలో చాలామంది బిడ్డలు ఉంటారు. బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, తల వెనక్కి వాలేలా పట్టుకుని, చెంచా వెనక చెంచా పోస్తూ ఉంటుంది. మీకు గుండె జారుతుంది. కానీ అది నిర్లక్ష్యం కాదని ముందు గ్రహించండి. నాలుక తోసేసే బిడ్డకు కడుపు నిండాలంటే, ఉన్న సమయంలో అందరికీ అందాలంటే, ఆవిడ కనిపెట్టుకున్న దారి అది. గ్వాటెమాలాలో 2014-15 జాతీయ సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో 46.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. అలాంటి చోట బిడ్డ కడుపులోకి నాలుగు ముద్దలు ఎక్కువ వెళ్ళాలని తాపత్రయపడే మనిషిని తప్పుపట్టే ముందు ఆలోచించాలి.

అయినా ఆ పద్ధతిలో ప్రమాదం ఉంది. తల వెనక్కి వాలితే శ్వాసనాళం దారి తెరుచుకుంటుంది, తిండి అందులోకి జారుతుంది. కొందరు బిడ్డలు పొలమారి దగ్గుతారు. కొందరు దగ్గను కూడా దగ్గరు, మాటిమాటికీ జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము మాత్రం కనిపిస్తాయి. బిడ్డను కూర్చోబెట్టాలి. తుంటి వంగి, పాదాలకు ఆనుకునే చోటుండి, తల నిటారుగా, గడ్డం కొంచెం కిందికి దిగి ఉండాలి. తినిపించేవాళ్ళు పైనుంచి కాకుండా ఎదురుగా, బిడ్డ కళ్ళకు సమానమైన ఎత్తులో కూర్చోవాలి. లోతు లేని చిన్న చెంచా వాడాలి. ఒక ముద్ద మింగాకే రెండోది. నీళ్ళలాంటి పల్చటి పదార్థమే ఇలాంటి చాలామంది పిల్లలకు ఎక్కువ ప్రమాదం. అక్కడివాళ్ళు మొక్కజొన్నతో కాచే అతోల్ మన జావలా చిక్కగా ఉంటుంది, నల్ల చిక్కుడు గింజలు మెదిపితే మెత్తటి గుజ్జు అవుతుంది. కొత్త తిండి తేనక్కర్లేదు, ఉన్నదాన్నే ఎంత చిక్కగా చేయాలో చూస్తే చాలు. తిన్నాక అరగంట పాటు పడుకోబెట్టకూడదు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. కష్టం ఎక్కడంటే, ఇలా తినిపిస్తే ఒక్కో బిడ్డకు పట్టే సమయం రెట్టింపు కావచ్చు. ఆ అదనపు సమయం ఆయాకి ఎవరిస్తారు? ఇక్కడే మీ బృందం బుర్ర పెట్టాలి. అందరు పిల్లలకూ ఒకేసారి మార్పు తేబోకండి. అక్కడి నర్సుతో, థెరపిస్టుతో కలిసి కూర్చుని, ఎక్కువగా పొలమారే ఇద్దరు బిడ్డల్ని గుర్తించండి. వాళ్ళకు మాత్రం అరగంట ముందు భోజనం పెట్టే వీలుందా అడగండి. ఒళ్ళో కూర్చోబెట్టే బదులు మూలకు ఆనించే పీట లాంటిది వడ్రంగి చేయగలడా చూడండి. ఆయా చేతులు రెండూ ఖాళీ అయితే ఆవిడే ఆ పీటను రోజూ వాడుతుంది, మీరు గుర్తుచేయనక్కర్లేదు. ముక్కు గొట్టం తీసేయడం, పల్చటిది పూర్తిగా ఆపేయడం లాంటి నిర్ణయాలు మాత్రం అక్కడి వైద్యులవి, మీవి కావు.

ఎత్తుకోవడం దగ్గర మీరు నేర్పేకన్నా నేర్చుకునేదే ఎక్కువ. మాయా తల్లులు నేసిన గుడ్డతో బిడ్డను వీపున కట్టుకుంటారు. మన తల్లులు చంకనేసుకుంటారు. ఈ రెండింట్లోనూ బిడ్డ కాళ్ళు తల్లి ఒంటికి రెండువైపులా విడిగా ఉంటాయి. బిగుసుకుని కత్తెరలా ఒకదానిమీదొకటి ఎక్కే కాళ్ళకు ఇదే కావాలి. రెండు కాళ్ళూ కలిపి, బిడ్డను కర్రలా చాపి ఎత్తుకుంటే బిగుతు ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆ తల్లికి మొదట చెప్పాల్సిన మాట, మీరు చేస్తున్నది సరైనది, అలాగే ఎత్తుకోండి అని. విదేశం నుంచి వచ్చిన చదువుకున్నవాళ్ళు తన చేతిపని బాగుందనడం ఆవిడ ఎప్పుడో గానీ విని ఉండదు. తర్వాత మీరు చెప్పే రెండో మాటకు ఆవిడ చెవి ఇస్తుంది. ఆ రెండో మాట చిన్నదిగా ఉండనివ్వండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టడం లాంటిది.

ఆటను మరచిపోకండి. కెనడా పరిశోధకులు రోజెన్‌బామ్, గోర్టర్ 2012లో, వైకల్యం ఉన్న పిల్లల విషయంలో చూడాల్సినవి ఆరని రాశారు: చేయగలిగే పని, కుటుంబం, ఆరోగ్యం, సరదా, స్నేహాలు, రేపటి రోజు. విద్యార్థులు మొదటిదాన్నే పట్టుకుంటారు. బిడ్డ నవ్వితే దాన్నీ మీ నోట్సులో రాయండి, ఏం చూసి నవ్విందో రాయండి.

చక్రాల కుర్చీ ఇచ్చే ముందు

మిషన్ బృందాలకు చక్రాల కుర్చీలు పంచడం ఇష్టం. ఇచ్చిన క్షణం కళ్ళకు కనిపిస్తుంది, దాతలకు చూపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో పేద ప్రాంతాల కోసం చక్రాల కుర్చీల మార్గదర్శకాలు తెచ్చింది. అందులో ఎనిమిది మెట్లున్నాయి. కుర్చీ చేతికివ్వడం వాటిలో ఒక చిన్న భాగం. కొలతలు చూడటం, తగిన కుర్చీ ఎంచడం, సిద్ధం చేయడం, ఒంటికి సరిపెట్టడం, వాడటం నేర్పడం, ఆ తర్వాత మరమ్మతులు, మళ్ళీ వచ్చి చూడటం, ఇవన్నీ ఉన్నాయి. పెద్దవాళ్ళ కోసం చేసిన ఆసుపత్రి కుర్చీలో ఆరేళ్ళ బిడ్డను కూర్చోబెడితే, తుంటి ముందుకు జారి, నడుము ఒకవైపు ఒరిగి, వంకర ఇంకా పెరుగుతుంది. ఒకేచోట ఒత్తిడి పడితే పుండు లేస్తుంది. చిన్న ముందు చక్రాలున్న కుర్చీ ఆంటిగ్వా రాళ్ళ వీధుల్లో ఎక్కువ కాలం బతకదు. కుర్చీ ఇవ్వబోయే ముందు రెండే ప్రశ్నలు: రెండు వారాలకు ఈ బిడ్డ చర్మాన్ని ఎవరు చూస్తారు, చక్రం ఊడితే ఎవరు బిగిస్తారు? రెండిటికీ అక్కడి మనుషుల పేర్లు దొరికితే ఇవ్వండి.

ఆశ్రమంలో పిల్లలు, మీ ఒళ్ళో పిల్లలు

గదిలోకి అడుగుపెట్టగానే కొందరు పిల్లలు చేతులు చాపి మీదికి ఎగబడతారు. విద్యార్థులకు ఇది ప్రేమలా కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళందరి దగ్గరికీ ఒకేలా వెళ్ళడం, తనదంటూ ఒక్క మనిషి లేక పెరిగిన బిడ్డల్లో కనిపించే గాయం కూడా. రొమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనం 136 మంది ఆశ్రమ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించింది. కుటుంబాల్లో పెరగడానికి పంపిన పిల్లలు ఆశ్రమంలోనే ఉన్నవాళ్ళకన్నా ఎన్నో విషయాల్లో బాగా ఎదిగారు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కూడా పిల్లలు కుటుంబాల్లో పెరగాలనే వైపు తీర్మానించింది. అనాథాశ్రమం అనే పేరున్న చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్లా, వైకల్యం వల్లా, దగ్గర్లో బడి, థెరపీ లేకపోవడం వల్లా అక్కడికి చేరారు.

అందుకని వెళ్ళబోయే సంస్థను అడగండి: పిల్లల్ని ఇంటికి పంపడానికి మీరేం చేస్తున్నారు? పగటిపూట థెరపీ ఇచ్చి సాయంత్రం తల్లి దగ్గరికి పంపే కేంద్రం ఉంటే, నేను మొగ్గేది దానివైపే. ఆశ్రమానికే వెళితే, ఆయా పక్కన లేకుండా బిడ్డతో పని చేయకండి. బిడ్డ నవ్వు మీవైపు తిరిగినప్పుడు మెల్లగా ఆయావైపు తిప్పండి. ఒకరిద్దరు పిల్లల్ని మీ ముద్దుబిడ్డలుగా చేసుకోకండి. మళ్ళీ వస్తానని బిడ్డకు చెప్పకండి. ఫోటోలు మీ పెట్టెలో ఉండాల్సిన అవసరం లేదు. బిడ్డ కూర్చునే పద్ధతి చూపించే ఫోటో ఉంటే అది ఆ గోడ మీద ఉండాలి.

ప్రార్థన విషయం

మీరు విశ్వాసంతో వెళుతున్నారు, దాన్ని దాచుకోనక్కర్లేదు. కానీ బిడ్డ కాళ్ళు మీ చేతుల్లో ఉన్నప్పుడు, ప్రార్థన చేయమంటారా అని అడిగితే ఆ తల్లి వద్దనలేదు. రెడ్ క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రూపొందించుకున్న నియమావళి విపత్తు సాయం కోసం రాసుకున్నది. సాయాన్ని ఏ మత ప్రచారానికీ వాడకూడదని అందులో ఉంది. అది మన పనికీ వర్తిస్తుందని నా నమ్మకం. థెరపీ గది వేరు, ప్రార్థన గది వేరు పెట్టండి. రెండో గదికి రాని తల్లికి మొదటి గదిలో ఏ లోటూ ఉండకూడదు, ఆ సంగతి ఆవిడకు ముందే తెలిసి ఉండాలి.

ఒక్క మాట మాత్రం మీ నోటి నుంచి రాకూడదు: విశ్వాసం ఉంటే బిడ్డ నడుస్తుందని. ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నావో అని మన ఊళ్ళలో తల్లుల్ని ఎలా కుళ్ళబొడుస్తారో మీరు వినే ఉంటారు. గ్వాటెమాలాలోనూ తల్లులు వేరే మాటల్లో అదే నింద మోస్తారు. పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అడిగినప్పుడు, అది అతని పాపమూ కాదు, కన్నవాళ్ళ పాపమూ కాదని యేసు చెప్పినట్టు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఆ తల్లికి అంతకన్నా పెద్ద సువార్త వినిపించనక్కర్లేదు. బిడ్డ మెదడుకు ఏమైందో మామూలు మాటల్లో, దుబాసీ ద్వారా, తొందర లేకుండా చెప్పండి. తన తప్పేమీ లేదని తెలిశాక చాలామంది తల్లులు ఏడుస్తారు. ఏడవనివ్వండి. ఆ అరగంటలో కాళ్ళు సాగదీయలేకపోయినా ఫరవాలేదు.

అప్పగింత

చివరి రోజు వీడ్కోలు విందుకు కాదు, అప్పగింతకు. ఒక్కో బిడ్డకు ఒక్క కాగితం చాలు. స్పానిష్‌లో రాయాలి, బొమ్మ ఉండాలి, మూడు పనులకు మించకూడదు. ఆ మూడూ ఆయా ఎంచుకున్నవై ఉండాలి. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మంచం దగ్గర గోడకు అంటించండి. తర్వాత ఒక ఆయా ఇంకో ఆయాకు నేర్పుతుంటే మీరు వెనక నిలబడి వినండి. పిల్లలకు వీడ్కోలు ముందురోజే చెప్పండి, బస్సెక్కే హడావుడిలో కాదు.

విమానంలో ఒక లెక్క వేయండి. బృందం మొత్తం టికెట్ల ఖర్చు ఒక పక్క, అక్కడి థెరపిస్టు ఏడాది జీతం ఇంకో పక్క రాయండి. రెండు అంకెలూ మీ చర్చి పెద్దల ముందు పెట్టండి, వచ్చే ఏడు ప్రణాళిక అక్కడినుంచి మొదలుపెట్టమని అడగండి. నలుగురు తగ్గి వెళ్ళి, ఆ నలుగురి ఖర్చు జీతానికి పంపడం మంచి ప్రణాళికే.

మూడు నెలలకు వీడియో కాల్ పెట్టుకోండి. తేదీ అక్కడ ఉండగానే ఖాయం చేసుకోవాలి, కాల్ వాళ్ళకు కుదిరే వేళ జరగాలి. గోడ మీది మూడు పనుల్లో ఏది ఎవరూ చేయట్లేదో అడగండి. ఎందుకు చేయట్లేదో చెబితే వాదించకుండా రాసుకోండి. ఆ పనిని కాగితం మీంచి కొట్టేయమనండి. ఆయాలు సొంతంగా కనిపెట్టిన మార్పు ఏదైనా ఉంటే అది ఆ స్థానంలో రాయమనండి, ఎవరు కనిపెట్టారో వాళ్ళ పేరుతో సహా. మీ నోట్సుపుస్తకంలోనూ అదే రాసి, వచ్చే మార్చిలో వెళ్ళే బృందానికి అందించండి.